ఊరికే

సైదాపేట రిజిస్ట్రారాఫీసు ఎదురుగా
నాలుగడుగుల కొట్టు నాది.
జిరాక్సు మిషను ఒకటి, కంప్యూటరు ఒకటి.
తమిళంలో అర్జీలు, ఇంగ్లీషులో అద్దె ఒప్పందాలు,
మనవాళ్ళెవరైనా వస్తే తెలుగులో పెళ్ళిపత్రికలు.

పదిహేడేళ్ళు దొంగ ప్రోగ్రాముతోనే గడిచింది.
రిచీ స్ట్రీట్‌లో ఎనభై రూపాయలకి కొన్న సీడీ.
ఆడి నెలలో, బేరాల్లేని ఒక మధ్యాహ్నం
తెర నల్లబడింది.
మీ కాపీ అసలైనది కాదు, అంది
నా కొట్లో, నా ముందే,
పవరాఫటార్నీ రాయించుకోడానికొచ్చిన పెద్దమనిషి
చూస్తూ ఉండగా.

అసలైనది ఎంతని అడిగితే
ఏడాదికింత అన్నారు.
కొనడం కాదట, అద్దెట.
కొట్టుకి అద్దె, మిషనుకి వాయిదా,
ఇక అక్షరాలకి కూడానా?

అప్పుడొచ్చాడు ముబీను,
పక్క సందులో సెల్‌ఫోన్లు బాగుచేసే నెల్లూరు కుర్రాడు,
తాళాలగుత్తికి పెన్‌డ్రైవు తగిలించుకుని.
"కోమలక్కా, ఇది పెట్టుకో. ఊరికే."
"ఊరికే ఎవరిస్తార్రా?"
"ఊరికేనక్కా!"

దానమిచ్చిన ఆవు పళ్ళు లెక్కపెట్టకూడదంటారు.
నేను లెక్కపెట్టాను.
ఆడిటరు పంపిన ఫైలు తెరిస్తే
గడులన్నీ పక్క పేజీలోకి జారాయి.
స్టాంపు కాగితం మీద మొదటి వరుస
ముద్ర మీదికెక్కింది, నూరు రూపాయలు గోవిందా.
ప్రింటరు రెండురోజులు అలిగింది.
నా పాత తెలుగు ఫైళ్ళు, పదిహేడేళ్ళ పెళ్ళిళ్ళు,
డాలర్లూ కామాలూ అయి తెరుచుకున్నాయి.
వధువు పేరుండాల్సిన చోట
ఒక ప్రశ్నార్థకం, రెండు సున్నాలు.
చెయ్యేమో పాత మెనూ దగ్గరికే పోయేది,
వాడిక మానేసిన ఇంటి ముందు కూడా
ఆగిపోయే పాలవాడి సైకిల్లా.

సరితూగుతుందా, అని అడుగుతారు
ఇప్పుడు పక్క కొట్లవాళ్ళు.
ఉత్తరాలకి తూగింది. బిల్లులకి తూగింది.
జాతకచక్రాలకైతే మొగ్గింది కూడా.
ఫోటోల పనికి మాత్రం వీసమెత్తు తక్కువ.
స్టూడియో మోహనరంగం వారం వాడి
వెనక్కిచ్చేశాడు: "నా టైముకి ఎవరిస్తారమ్మా డబ్బు?"
అతను కట్టి కొనుక్కున్నాడు, హాయిగా నిద్రపోతున్నాడు.
తప్పనను.

ఒకటి మాత్రం చెప్పాలి.
ఆవణిలో ఒక పత్రిక మీద
జ్యోత్స్న విరిగింది.
త కింద స వత్తు, దాన్ని తొక్కుతూ న వత్తు,
తాంబరం బస్సు ఫుట్‌బోర్డు మీద జనంలా.
పాతదాంట్లోనూ ఇలాగే ఒక అక్షరం విరిగేది.
పదిహేడేళ్ళూ చేత్తో జరుపుకున్నాను.
ఎవరికి చెప్పను?
దొంగసొత్తు బాగాలేదని ఫిర్యాదా!

"చేసినవాళ్ళకి రాయక్కా," అన్నాడు ముబీను.
తెలుగులోనే రాశాను. బొమ్మ తీసి,
విరిగినచోట ఎర్రగా సున్నా చుట్టి.
పదకొండు రోజులకి జవాబు,
ఎవరో సత్యవర్ధనట, ఏ ఊరో తెలీదు:
"మీరన్నది నిజమే. సరిచేశాను. చూసి చెప్పండి."
చూశాను.
న వత్తు కాస్త పక్కకి జరిగి
స వత్తుకి చోటిచ్చింది.

పెళ్ళివారికి ఇవేవీ తెలియవు.
అంచులకి పసుపు రాసుకుని,
వందకి ఇరవై తగ్గించమని గొడవపడి వెళ్ళారు.

ఊరికే అంటే డబ్బుల్లేకుండా అనుకునేదాన్ని.
లేదా, పనీపాటా లేకుండా.
ఆ సాయంత్రం షట్టరు దించుతుంటే
మూడో అర్థం వినబడింది:
నాదీ కాదు, ముబీనుదీ కాదు,
ఆ సత్యవర్ధనిదీ కాదు.
ఊరిది. ఊరికే.

పాత కంప్యూటరు పారెయ్యలేదులెండి.
మూలన గుడ్డ కప్పి ఉంది.
అప్పుడప్పుడు ఎవరో వస్తారు,
కోర్టులో చూపించాలి, మా పెళ్ళిపత్రిక
ఇంకొక కాపీ ఉందా అని,
విడివిడిగా.
గుడ్డ తీస్తాను.
నల్లతెర నన్ను మళ్ళీ దొంగ అంటుంది.
అననీ.
ఆ పేర్లు రెండూ పక్కపక్కన
అక్కడొక్కచోటే చదవొస్తాయి.